నిన్నటి చర్చ గురించి ఒక మాట

అందరికీ నమస్కారం. ప్రభుత్వ సాయం, స్వావలంబన (అంటే సొంత కాళ్ల మీద నిలబడటం) గురించి రాత్రి మన గ్రూపులో వచ్చిన మెసేజ్‌లన్నీ ఇప్పుడే చదివాను. ‘అన్నీ ప్రభుత్వమే చూసుకోవాలి’ అన్న మాట దగ్గరే నాకు పేచీ.

కష్టంలో ఉన్నవాళ్లను ఆదుకోవద్దని నేననను. మంచాన పడ్డవాడికి సొంత కాళ్ల మీద నిలబడమని చెప్పడం క్రూరత్వం. నా బాధల్లా సాయం అలవాటుగా మారడం గురించే. చాలా దేశాల్లో సాయానికి ఆదాయ పరిమితి ఉంటుంది. కొన్ని పథకాల్లో జీతం ఆ గీత కాస్త దాటిందంటే చాలు, వచ్చేదంతా ఆగిపోతుంది. అంటే ఓవర్‌టైమ్ చేసినవాడికి నెలాఖరున మిగిలేది తక్కువే కావచ్చు! అతను కాగితం మీద లెక్క వేసుకుని ప్రమోషన్ వద్దంటాడు. సోమరి కాదు పాపం, లెక్క తెలిసినవాడు. కానీ ఎంత ఎదగాలో ఇప్పుడు ఆ గీతే చెబుతోంది.

1831లో అమెరికా వెళ్లిన ఫ్రెంచి రచయిత టోక్‌విల్ ఒకటి గమనించాడు. దారికి ఏదైనా అడ్డంపడితే అక్కడివాళ్లు అధికారి కోసం కూర్చోరట. ఇరుగుపొరుగు పోగై, మాట్లాడుకుని, పని కానిచ్చేస్తారట. (అదే దేశంలో అప్పుడు బానిసత్వమూ ఉంది. ఆయన దాని గురించీ రాశాడు.)

స్వావలంబన అంటే ఒంటరితనమేగా అని ఎవరో అడిగారు. కాదండీ. ఒకరికి ఫారం నింపడం రాకపోతే పక్కవాళ్లు పెన్ను అందుకుంటారు చూడండి, నేననేది అదే.

ఒప్పుకోనివాళ్లు రాయండి, సాయంత్రం చూస్తాను. ఫార్వర్డ్‌లు మాత్రం వద్దు.