చెంచాడు పొడిలో ఎన్ని కప్పుల కాఫీ

ప్రియమైన సత్యానికి,

నీ ఉత్తరం అందింది. అమెరికాలో ఎం.ఎస్. చదువుతున్న మనవాడు జిమ్‌కు వెళ్లే ముందు నీళ్లలో కలుపుకొని తాగే పొడిని గురించి అడిగావు. “కాఫీలో ఉండే కెఫీనే కదా అందులోనూ ఉండేది, మనం చిన్నప్పటినుంచీ తాగడం లేదా” అని కూడా రాశావు. పదార్థం అదే, సందేహం లేదు. అయితే అది ఎంత మోతాదులో, ఎంత వేగంగా ఒంట్లోకి చేరుతున్నదన్న దానిమీదే క్షేమమంతా ఆధారపడి ఉంటుంది కనుక, ఒక్క మాటలో జవాబు చెప్పి ఊరుకోవడానికి నాకు మనసొప్పలేదు.

మెదడులో అడెనోసిన్ అనే పదార్థం పగలంతా పేరుకుంటూ మనకు నిద్రమత్తు తెప్పిస్తుంది. అది పట్టుకోవలసిన చోటును కెఫీన్ ముందుగానే ఆక్రమించడం వల్ల, అలసట ఒంట్లో ఉన్నా మనకు తెలియకుండా పోతుంది. తీసుకున్నదానిలో సగం ఖర్చు కావడానికి సుమారు 5 గంటలు పడుతుంది కాబట్టి, సాయంత్రం ఆరింటికి తాగిన కాఫీ రాత్రి పదకొండింటికి కూడా సగం పని చేస్తూనే ఉంటుంది. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజు మొత్తం మీద 400 మిల్లీగ్రాములు, ఒక్కసారికి 200 మిల్లీగ్రాముల వరకు భయం లేదని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2015లో తేల్చింది. అమెరికా ఆహార, ఔషధ సంస్థ ఎఫ్‌డీఏ కూడా రోజుకు 400 అనే చెబుతుంది. మన ఇళ్లలో కలిపే ఫిల్టర్ కాఫీలో సాధారణంగా చికోరీ కూడా ఉంటుంది, చికోరీలో కెఫీన్ ఉండదు. పైగా వేడిగా, చేదుగా ఉండే డికాక్షన్‌ను ఒకదాని వెంట ఒకటిగా పది గ్లాసులు ఎవరూ తాగలేరు. కాఫీకి ఆ కాపలా ఎప్పుడూ ఉంటుంది.

పొడికి ఆ కాపలా లేదు. శుద్ధమైన కెఫీన్ పొడి ఒక టీ చెంచాలో సుమారు 3,200 మిల్లీగ్రాములు, అంటే 20 నుంచి 28 కప్పుల కాఫీలో ఉండేంత కెఫీన్ ఉంటుందని ఎఫ్‌డీఏ 2018లో ప్రకటించింది. 1,200 మిల్లీగ్రాములు గబగబా లోపలికి వెళితే మూర్ఛ వంటి విషలక్షణాలు కనిపించవచ్చు, అది అర చెంచా కూడా కాదు. వంటింటి చెంచాతో 200 మిల్లీగ్రాములు కొలవడం ఎవరికీ సాధ్యమయ్యే పని కాదు. 2014లో అక్కడ ఏ జబ్బూ లేని ఇద్దరు యువకులు ఈ పొడి వల్లనే చనిపోయారు. మరుసటి సంవత్సరం దానిని అమ్ముతున్న 5 సంస్థలకు హెచ్చరిక లేఖలు వెళ్లాయి. ఇలాంటి పొడిని జనానికి డబ్బాల లెక్కన నేరుగా అమ్మడం చట్టవిరుద్ధమని 2018లో గాని స్పష్టంగా చెప్పలేదు, ఆ ఆలస్యం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

మనవాడు వాడేది శుద్ధమైన పొడి అయి ఉండదులే. జిమ్ పొడులలో చాలావాటికి ఒక్కో స్కూపులో 150 నుంచి 300 మిల్లీగ్రాముల వరకు ఉంటుంది. అసలు చిక్కు లేబుల్ దగ్గర వస్తుంది. 1994 నాటి అమెరికా చట్టం ప్రకారం ఇటువంటి సప్లిమెంట్లు అంగడికి రావడానికి ముందు ఎఫ్‌డీఏ ఆమోదం అక్కరలేదు, హాని జరిగిందని తేలిన తరువాతే ఆ సంస్థ కలుగజేసుకోగలదు. కొందరు తయారీదారులు నాలుగైదు పదార్థాలను కలిపి “మా సొంత మిశ్రమం” అని మొత్తం బరువు మాత్రమే వేస్తారు, అందులో కెఫీన్ వాటా ఎంతో కొనేవాడికి తెలియదు. గ్వారానా గింజల సారం అని రాసి ఉన్నా అదీ కెఫీనే. 2013లో రిగ్లీ సంస్థ బిళ్లకు 40 మిల్లీగ్రాముల చొప్పున కెఫీన్ కలిపిన చూయింగ్ గమ్ తెచ్చి, ఎఫ్‌డీఏ అభ్యంతరం తెలిపాక అమ్మకం ఆపింది. ఆహారంలో కెఫీన్ కలపడానికి ఆ సంస్థ 1950లలో స్పష్టంగా ఒప్పుకున్నది కోలాలకు మాత్రమే, మిగతావాటి గురించి అలా స్పష్టంగా తేల్చలేదు.

మన దేశంలో కెఫీన్ పానీయాలకు లీటరుకు 145 నుంచి 300 మిల్లీగ్రాముల హద్దు ఉంది. ఆ లెక్కన 250 మిల్లీలీటర్ల డబ్బాలో 75కు మించకూడదు. పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని లేబుల్ మీద తప్పనిసరిగా వేయాలి. వేస్తారు కూడా, కాని ఆ చిన్న ఇంగ్లీషు అక్షరాలు బడి పక్క కిరాణా కొట్టులో సీసా కొనే ఏడో తరగతి పిల్లవాడి కంట పడతాయా? ఆ హెచ్చరిక తెలుగులో, పెద్ద అక్షరాలలో ఉండాలని నా గట్టి అభిప్రాయం.

అమ్మాయికి ఏడో నెల అన్నావు కనుక ఆమెకు రోజుకు 200 మిల్లీగ్రాములే హద్దు. గర్భిణులలో చివరి నెలల్లో సగం కెఫీన్ ఖర్చు కావడానికి 15 గంటల దాకా పట్టవచ్చు, అది బిడ్డకూ చేరుతుంది. ఆ లెక్కలో టీ, కోలా, చాక్లెట్ కూడా వేసుకోమను.

అబ్బాయిని మాత్రం ఆ డబ్బా లేబుల్ ఫోటో తీసి పంపమను. స్కూపుకు ఎన్ని మిల్లీగ్రాములో అంకె లేకపోతే ఆ డబ్బా మానేయమను. పొడి తాగిన రోజున ఎనర్జీ డ్రింక్ వద్దు, మద్యంతో కలపడం అసలే వద్దు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మాత్రలు వాడుతుంటే కాలేయం కెఫీన్‌ను త్వరగా వదిలించుకోలేదు, కాబట్టి ఆ మాత్రలు వాడినన్నాళ్లు కాఫీ కూడా తగ్గించాలి. గుండె దడదడలాడినా, వాంతులు ఆగకపోయినా తెల్లవారే దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లి, ఏమి తాగాడో, ఎంత తాగాడో దాచకుండా చెప్పమను.

నీ
రామం