సంఖ్య పెద్దదైతే చాలదు

సంపాదకులకు నమస్కారం.

నిరుద్యోగం, గృహహింస, వలస వంటి సమస్యలపై వెలువడే సర్వేల శాతాలను ఇట్టే నమ్మేస్తాం గానీ, ఎవరిని, ఏ మాటలతో అడిగారో ఆరా తీయం. 1936లో ఒక అమెరికన్ పత్రిక దాదాపు కోటి మందికి నమూనా బ్యాలెట్లు పంపి, తిరిగొచ్చిన 20 లక్షలకు పైగా జవాబులను బట్టి అధ్యక్ష ఎన్నికల్లో రిపబ్లికన్ అభ్యర్థి లాండన్ గెలుస్తారని ప్రకటించగా, ప్రత్యర్థి రూజ్‌వెల్ట్ 48 రాష్ట్రాలకు 46 గెలుచుకున్నారు. చిరునామాలు ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్నవారివి కావడమూ, జవాబివ్వనివారి మొగ్గు వేరుగా ఉండటమూ ఆ పొరపాటుకు కారణాలు.

అయినా సామాజికశాస్త్ర తరగతుల్లో గణాంక పద్ధతులంటే చాలాచోట్ల సూత్రాల వల్లెవేతే. విద్యార్థుల భయంలో సగం, నిజం చెప్పాలంటే, అధ్యాపకులమైన మేం పెట్టిందే. 1930 నాటి అమెరికా జనగణనను పరిశీలించిన సామాజికశాస్త్రవేత్త రాబిన్సన్, విదేశాల్లో పుట్టినవారు ఎక్కువున్న రాష్ట్రాల్లో అక్షరాస్యత ఎక్కువగా కనిపించినా, వ్యక్తులవారీగా చూస్తే నిరక్షరాస్యత వారిలోనే కొంత ఎక్కువని 1950లో చూపారు. సహసంబంధ గుణకాన్ని (రెండు విషయాలు ఎంతగా కలిసి మారతాయో చెప్పే సంఖ్యను) ఇలాంటి చిక్కుముడితో మొదలుపెట్టి, విద్యార్థుల చేతే ప్రశ్నావళి రాయించి, అదే ప్రశ్నను రెండు రకాలుగా అడిగించి, జవాబులు ఎలా మారాయో వారే లెక్కకట్టేలా చేయాలి. సాఫ్ట్‌వేర్ శిక్షణ ఆ తర్వాత మొదలుపెట్టవచ్చు.

ఇట్లు,
ఒక సామాజికశాస్త్ర అధ్యాపకుడు