కమ్యూనిటీ కాలేజీ తరువాత ఏ విశ్వవిద్యాలయం?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రిక విద్యా పుటలో అమెరికా చదువుల గురించి వచ్చే వ్యాసాలను నేను కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్ నుంచి క్రమం తప్పకుండా చదువుతుంటాను. అవి దాదాపు అన్నీ ఎం.ఎస్. గురించో, ఇంటర్ అయిన వెంటనే నాలుగేళ్ల డిగ్రీలో చేరేవారి గురించో ఉంటాయి. కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్లు చదివి, అక్కడి నుంచి విశ్వవిద్యాలయంలో మూడో సంవత్సరానికి ట్రాన్స్‌ఫర్ అయ్యే పిల్లల గురించి రాసినది ఇంతవరకు నా కంట పడలేదు. ఇక్కడి తెలుగు ఇళ్లలో ఆ దారి పట్టిన పిల్లలు ఉన్నారు. బంధువుల ముందు ఆ మాట చెప్పడానికి మాత్రం తల్లిదండ్రులు సంకోచిస్తారు. మా అమ్మాయి ఆ దారినే వెళ్లింది. ఈ ఏప్రిల్‌లో ఆమెకు రెండు చోట్ల సీటు వచ్చినప్పుడు ఎటు వెళ్లాలో తేల్చుకోవడానికి మేము పడిన తర్జనభర్జన మరి నలుగురికి ఉపయోగపడుతుందని ఈ లేఖ రాస్తున్నాను.

నేను కాకినాడలో పాలిటెక్నిక్ డిప్లొమా చదివి, ఈసెట్ రాసి, బీ.టెక్. రెండో సంవత్సరంలో చేరినదాన్ని. అక్కడ ర్యాంకు వస్తే సీటు, సీటు వస్తే నేరుగా రెండో సంవత్సరం. ఆ తరువాత లెక్కాపత్రం ఏమీ ఉండదు. ఇక్కడి ట్రాన్స్‌ఫర్ కూడా అలాంటిదేననుకుని మా అమ్మాయికి మొదటి ఏడాదంతా "ముందు మంచి గ్రేడ్లు తెచ్చుకో, యూనివర్సిటీ సంగతి తరువాత చూద్దాం" అని చెబుతూ వచ్చాను. ఆ సలహా తప్పని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

కాలిఫోర్నియాలో ప్రభుత్వ ఉన్నత విద్య 1960 నాటి మాస్టర్ ప్లాన్ ప్రకారం మూడు అంచెలుగా సాగుతుంది. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా, అంటే యూసీ, ఒకటి. కాలిఫోర్నియా స్టేట్ యూనివర్సిటీ, అంటే సీఎస్‌యూ, రెండోది. అందరికీ తలుపు తెరిచి ఉంచే కమ్యూనిటీ కాలేజీలు మూడోవి. ఈ కాలేజీలు రాష్ట్రంలో 116 ఉన్నాయి. రాష్ట్ర నివాసులకు యూనిట్‌కు, అంటే కోర్సు పరిమాణాన్ని కొలిచే ఒక్కో క్రెడిట్‌కు, ఫీజు 46 డాలర్లు మాత్రమే. అరవై సెమిస్టర్ యూనిట్లు, క్వార్టర్ పద్ధతి ఉన్న చోట తొంభై యూనిట్లు పూర్తి చేసినవారు మూడో సంవత్సరంలోకి ట్రాన్స్‌ఫర్ కావచ్చు. మూడో అంచెలో చేరినవారు పైకి ఎక్కడానికి వీలుగా కట్టిన మెట్ల దారి ఇది. ఇందులో సిగ్గుపడవలసినది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అయితే యూనిట్లు అరవై అయినంత మాత్రాన మన మేజర్‌కు, అంటే డిగ్రీలో ఎంచుకున్న ప్రధాన విషయానికి, కావలసిన కోర్సులన్నీ అయిపోయినట్టు కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది. ఒకే మేజర్‌కు ఒక క్యాంపస్ అడిగే ముందస్తు కోర్సులు, ఇంకొక క్యాంపస్ అడిగేవి అచ్చంగా ఒకటి కావు. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ విశ్వవిద్యాలయంలోని ఏ కోర్సుకు సమానమో అసిస్ట్ అనే ఉమ్మడి వెబ్‌సైట్‌లో ఒప్పందాల రూపంలో ఉంటుంది. మొదటి సెమిస్టర్‌లోనే రెండు మూడు క్యాంపస్‌ల ఒప్పందాలను పక్కపక్కన పెట్టి చూసి, ఉమ్మడిగా ఉన్నవాటిని ముందు చదివి, మిగిలినవాటిని తరువాతి సెమిస్టర్లలో సర్దుకున్నవారికి చివరికి ఎంచుకునే స్వేచ్ఛ మిగులుతుంది. అలా చేయనివారికి ఆ ఎంపిక రెండేళ్ల ముందే, వారికి తెలియకుండానే, జరిగిపోయి ఉంటుంది.

మా అమ్మాయి మేజర్ సివిల్ ఇంజనీరింగ్. ఆమెకు యూసీ వారి డేవిస్ క్యాంపస్‌లోను, సీఎస్‌యూకు చెందిన శాన్ హోసే స్టేట్‌లోను సీటు వచ్చింది. యూసీ అనే పేరు వినగానే ఇంట్లో అందరి మనసూ డేవిస్ వైపు మొగ్గింది. అమలాపురం నుంచి మా పెద్దత్తగారు ఫోన్ చేసి "దేని ర్యాంకు పెద్దదే అమ్మా?" అని అడిగారు. ఆమె అడగడంలో తప్పు లేదు, మన ఊళ్లో చదువును కొలిచే కొలబద్ద అదే. కాని ఆ రాత్రి నేనూ అమ్మాయీ ఒప్పందాలు ముందేసుకుని కూర్చుంటే వేరే లెక్క తేలింది. డేవిస్‌కు కావలసిన మొదటి రెండేళ్ల కోర్సులలో మూడింటిని మా అమ్మాయి చదవలేదు. శాన్ హోసే స్టేట్‌కు మిగిలినది ఒక్కటే. ఇంజనీరింగ్‌లో ఒక కోర్సు పూర్తయితే గాని దాని పై కోర్సు తీసుకోనివ్వరు కాబట్టి, మూడు కోర్సుల లోటు రెండేళ్ల చదువును మూడో ఏడాదిలోకి లాగే ప్రమాదం ఉంది. ఆ రెండు చోట్లా సివిల్ ఇంజనీరింగ్ డిగ్రీకి అబెట్ (ఇంజనీరింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉంది కనుక, రేపు వృత్తి లైసెన్సు పరీక్ష దగ్గర వాటి మధ్య తేడా రాదు. సీఎస్‌యూ ట్యూషన్, అంటే చదువు ఫీజు, యూసీ ట్యూషన్‌లో సగం కూడా ఉండదు. పైగా శాన్ హోసేకు ఇంటి నుంచే వెళ్లి రావచ్చు. బార్ట్ రైలు 2020 నుంచి ఆ ఊరి బెరియెస్సా దాకా వెళుతోంది. డేవిస్‌లో అయితే గది అద్దె తప్పదు.

ఆమె శాన్ హోసే స్టేట్‌నే ఎంచుకుంది. అందరూ అలాగే చేయాలని నేను అనడం లేదు. పరిశోధన వైపు వెళ్లదలచిన పిల్లలకు, ప్రొఫెసర్ల ల్యాబ్‌లలో పని చేయాలనుకునేవారికి యూసీ క్యాంపస్ ఇచ్చే అవకాశం చాలా విలువైనది. దానికోసం అదనంగా ఒక సెమిస్టర్ భరించడం కూడా సబబే కావచ్చు. కాని పేరు చూసి మాత్రమే వెళ్లిన పిల్లలు పడే ఇబ్బందిని కూడా నేను దగ్గరగా చూశాను. మా స్నేహితుల అబ్బాయి ఒక ప్రసిద్ధ విశ్వవిద్యాలయంలో సీటు రాగానే మరో ఆలోచన లేకుండా చేరాడు. కాలేజీలో చదివిన యూనిట్లలో చాలా భాగం డిగ్రీ మొత్తంలోకి వచ్చాయి గాని, మేజర్ లెక్కలోకి రాలేదు. రెండేళ్లలో కావలసిన చదువు మూడేళ్లు పట్టింది. ఆ మూడో ఏడాది ఖర్చుకు వాళ్ల నాన్నగారు ఊళ్లోని పొలం మీద అప్పు తెచ్చారు.

సెప్టెంబరు నెలను తల్లిదండ్రులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. యూసీ వారి ట్రాన్స్‌ఫర్ హామీ పథకం, అందరూ టాగ్ అని పిలిచేది, ఆ ఒక్క నెలలోనే దరఖాస్తు తీసుకుంటుంది. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు దీన్ని ఇస్తున్నాయి. బర్కిలీ, లాస్ ఏంజిలిస్, శాన్ డియేగో ఇవ్వవు. ఆరింటిలో ఒక్కదానికే పెట్టుకోవాలి. ఇచ్చే క్యాంపస్‌లలోనూ అన్ని మేజర్లకూ హామీ ఉండదు. శాంటా బార్బరా ఇంజనీరింగ్ కాలేజీకి ఇది వర్తించదు. సీఎస్‌యూ వైపు 2010 చట్టంతో వచ్చిన, కమ్యూనిటీ కాలేజీలోనే ఇచ్చే ట్రాన్స్‌ఫర్ అసోసియేట్ డిగ్రీ ఉంది. అది ఆ వ్యవస్థలో ఎక్కడో ఒక చోట సీటుకు హామీ ఇస్తుందే గాని, మనం కోరిన క్యాంపస్‌లోనే ఇస్తుందని కాదు. హామీ అనే మాట వినగానే నిశ్చింతగా ఉండిపోయి, తరువాత బాధపడినవారు ఉన్నారు.

వీసా మీద ఉన్న కుటుంబాలకు దీనిలో మరొక లెక్క కలుస్తుంది. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబ సభ్యులకు ఇచ్చే వీసా మీద, పెరిగిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. చదువు మధ్యలోనే చాలామంది ఎఫ్-1 విద్యార్థి వీసాకి మారవలసి వస్తుంది. ఎఫ్-1 మీద ఉన్నవారిని సాధారణంగా రాష్ట్ర నివాసులుగా లెక్కించరు. యూసీలో నివాసులు కానివారు ట్యూషన్‌కు అదనంగా ఏడాదికి 30,000 డాలర్లకు పైగా కట్టాలి. అటువంటి ఇంట్లో పిల్లల వయసు, మిగిలిన సెమిస్టర్లు, ఫీజు ఈ మూడూ ఒకే కాగితం మీద వేసుకుని చూడకుండా క్యాంపస్ ఎంచుకోవడం ప్రమాదకరం. ఇంటర్ అయ్యాక నేరుగా ఇక్కడి కమ్యూనిటీ కాలేజీలో చేరాలని హైదరాబాద్, విజయవాడలలో ఆలోచిస్తున్న కుటుంబాలు కూడా 46 డాలర్ల ఫీజు తమకు వర్తించదని ముందే తెలుసుకోవాలి. బయటి దేశాల విద్యార్థులు దానికి ఎన్నో రెట్లు చెల్లిస్తారు.

సంపాదకులకు నా మనవి ఒక్కటే. ప్రవేశాల వార్తలు ప్రచురించే పుటలోనే ఏటా ఆగస్టులో, టాగ్ దరఖాస్తులు మొదలయ్యే ముందు, ట్రాన్స్‌ఫర్ విషయమై ఒక వివరమైన వ్యాసం వేయించండి. ఇక్కడి కాలేజీలలో ట్రాన్స్‌ఫర్ కౌన్సెలర్లుగా పని చేస్తున్నవారి చేత చెప్పించి, అసిస్ట్ ఒప్పందాన్ని ఎలా చదవాలో ఒక మేజర్ తీసుకుని వరుసగా చూపించండి. మా అమ్మాయి మొదటి సెమిస్టర్‌లో చేరిన రోజున అలాంటి వ్యాసం నా చేతిలో ఉంటే, డేవిస్‌కు తక్కువైన ఆ మూడు కోర్సులనూ ఆమె చదివి ఉండేది. అప్పుడు కూడా బహుశా శాన్ హోసేకే వెళ్లేదేమో. కాని రెండింటినీ సమానంగా ముందు పెట్టుకుని ఎంచుకునేది.

భవదీయురాలు,
ఒక తల్లి,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా