మైదానం బయటి తప్పుకూ ముందే రాసిన పద్ధతి ఉండాలి

సంపాదకులకు నమస్కారం.

2024 మార్చి 23న ఈడెన్ గార్డెన్స్‌లో జరిగిన ఐపీఎల్ మ్యాచ్‌లో హైదరాబాద్ ఓపెనర్ మయాంక్ అగర్వాల్‌ను ఔట్ చేసి గాల్లో ముద్దు విసిరినందుకు, మరో తప్పుకు కలిపి కోల్‌కతా బౌలర్ హర్షిత్ రాణాకు మ్యాచ్ ఫీజులో 60 శాతం కోత పడింది. ఆ మ్యాచ్‌లో రెండూ లెవల్ 1, అంటే అన్నిటికంటే చిన్న స్థాయి తప్పులు. ఒకదానికి 10 శాతం, ఇంకోదానికి 50. తర్వాత నెలలో ఢిల్లీతో మ్యాచ్‌లో మళ్లీ లెవల్ 1 తప్పు చేస్తే నూరు శాతం కోత, ఒక మ్యాచ్ నిషేధం. ఏది ఏ లెవల్, ఎవరు తీర్పు చెబుతారు, ఎంత కోత అన్నీ ముందే రాసి ఉన్నాయి. అందుకే వెంటనే తేలిపోయింది.

బౌండరీ తాడు దాటాక జరిగే తప్పులకు ఈ స్పష్టత లేదు. హోటల్లో కొట్లాట, తాగి కారు నడపడం, మహిళపై దాడి చేశాడన్న ఫిర్యాదు, టీవీలో నోరు జారడం... ఇవన్నీ ఆటకు చెడ్డపేరు తెచ్చే ప్రవర్తన అన్న ఒకే గంపలో పడుతున్నాయి. తప్పుకూ తప్పుకూ మధ్య మెట్లు లేకపోతే నిర్ణయం ఫ్రాంచైజీ యజమాని చేతికి పోతుంది. కోట్లు పోసి కొన్న ఆటగాడు ఫామ్‌లో ఉంటే చట్టం తన పని తాను చేసుకుపోతుందని ఊరుకోవడం, బెంచీ మీది కుర్రాడైతే సాయంత్రానికల్లా బ్యాగు సర్దుకోమనడం ఆయనకు తేలిక. రెండూ అన్యాయమే.

2019 జనవరి ఉదంతం చూడండి. టీవీ కార్యక్రమంలో మహిళల గురించి అన్న మాటలకు హార్దిక్ పాండ్యాను, మన కర్ణాటక ఆటగాడు కేఎల్ రాహుల్‌ను 11వ తేదీన సస్పెండ్ చేసి ఆస్ట్రేలియా నుంచి వెనక్కి రప్పించారు. బోర్డు నిబంధనావళి ప్రకారం ఇలాంటివి తేల్చాల్సింది అంబుడ్స్‌మన్. ఆ రోజుకు ఆ పదవిలో ఎవరూ లేరు. విచారించే మనిషే లేకుండా ఇద్దరూ మ్యాచ్‌లు కోల్పోయారు. చివరికి అమికస్ క్యూరీ (కోర్టుకు సాయపడే న్యాయవాది) పి.ఎస్. నరసింహ సమ్మతితో 24న సస్పెన్షన్ ఎత్తేశారు. తర్వాత అంబుడ్స్‌మన్‌గా వచ్చిన జస్టిస్ డి.కె. జైన్ ఏప్రిల్‌లో ఒక్కొక్కరికి 20 లక్షలు వేశారు: విధుల్లో మరణించిన పది మంది పారామిలిటరీ కానిస్టేబుళ్ల కుటుంబాలకు లక్ష చొప్పున, అంధుల క్రికెట్‌కు 10 లక్షలు. డబ్బు మంచి చోటికే వెళ్లింది, కాదనను. కానీ 5 లక్షలో 50 లక్షలో కాకుండా 20 లక్షలే ఎందుకని అడిగితే చూపడానికి ముందే రాసుకున్న పట్టిక లేదు. 2025 సీజన్ వేలంలో కనీస ధర 30 లక్షలకు వచ్చిన కుర్రాడికి 20 లక్షలంటే సంపాదనలో మూడింట రెండొంతులు. అదే వేలంలో 27 కోట్లు పలికిన రిషభ్ పంత్ స్థాయి ఆటగాడికి అది ఒక్క శాతం కూడా కాదు. కాబట్టి బయటి తప్పులకూ జరిమానాను సీజన్ ఫీజులో శాతంగానే రాయాలి.

అన్నిటికంటే ముందు సస్పెన్షన్‌నూ శిక్షనూ విడదీయాలి. విచారణ ముగిసేదాకా పక్కన ఉంచడం శిక్ష కాదన్నది సర్వీసు చట్టంలో, అంటే ఉద్యోగుల చట్టంలో, మొదటి పాఠం. సస్పెన్షన్‌లో ఉన్న ఫ్యాక్టరీ కార్మికుడికి మొదటి 90 రోజులు సగం వేతనం, ఆలస్యానికి అతను కారణం కాకపోతే ఆ తర్వాత 75 శాతం ఇవ్వాలన్న నియమం అందుకే వచ్చింది. ఆస్ట్రేలియా రగ్బీ లీగ్ 2019లో దీన్ని ఆటకు తగ్గట్టు రాసుకుంది. గరిష్ఠంగా 11 ఏళ్లు లేదా అంతకు మించి జైలు పడగల నేరం మోపితే ఆటగాడు దానంతటదే పక్కకు తప్పుకోవాలి. జీతం పూర్తిగా వస్తుంది, ప్రాక్టీసు చేయవచ్చు, మ్యాచ్ మాత్రం ఆడకూడదు. జాక్ డి బెలిన్ అనే ఆటగాడు దీన్ని ఫెడరల్ కోర్టులో సవాలు చేసి ఓడిపోయాడు. రెండుసార్లు విచారణ జరిగినా జ్యూరీలు తేల్చలేకపోవడంతో 2021లో అతనిపై మిగిలిన అభియోగాలు ఉపసంహరించారు. ఆట పోయింది, అది చిన్న నష్టం కాదు. కానీ జీతం పోలేదు, దోషి అన్న ముద్రా ఆ నిబంధన వేయలేదు.

ఈ నియమాన్ని ఉన్నదున్నట్టు మన దగ్గర దించితే కుదరదు. ఇక్కడ ఫిర్యాదులో కాగ్నిజబుల్ నేరం (వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరం) కనిపిస్తే సాధారణంగా పోలీసులు ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే, నిజానిజాలు ఆ తర్వాతి సంగతి. కాబట్టి ఎఫ్ఐఆర్ ఒక్కటే చూసి ఆట ఆపేస్తే దుర్వినియోగానికి దారి దొరుకుతుంది. పోనీ ఛార్జిషీటు దాకా ఆగుదామంటే రెండు నెలల ఐపీఎల్ అప్పటికే ముగిసిపోతుంది. అందుకే రెండు మెట్లు కావాలి. ఏడేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడగల నేరానికి ఎఫ్ఐఆర్ అయితే, లీగ్ నియమించిన బయటి ప్యానెల్ ఏడు రోజుల్లో వైద్య నివేదిక, సీసీటీవీ, ఇద్దరి వాంగ్మూలాలు చూసి పక్కన ఉంచాలో లేదో కారణాలతో రాయాలి. ఛార్జిషీటు పడితే ప్యానెల్‌తో పని లేకుండా పక్కన ఉంచాలి. గాయపడిన ఆటగాడికి బదులు మరొకరిని తీసుకునే వీలు ఇప్పటికే ఉంది. దాన్ని దీనికీ వర్తింపజేస్తే ఆడించి తీరాలన్న ఒత్తిడి ఫ్రాంచైజీపై సగం తగ్గుతుంది. కూర్చోబెట్టిన మ్యాచ్‌లను తర్వాత పడే నిషేధంలో తప్పకుండా మినహాయించాలి.

కోర్టు తేల్చేదాకా చేతులు కట్టేసి ఉన్నాయన్న మాట చట్టం ముందు నిలవదు. కోలార్ బంగారు గనుల ఉద్యోగి ఒకరి కేసులో 1999లో సుప్రీంకోర్టు క్రిమినల్ కేసూ శాఖాపరమైన విచారణా ఏకకాలంలో నడవవచ్చని చెప్పింది. రెండింటికీ ఆధారం ఒకటే అయి, అభియోగం తీవ్రమై, చిక్కు ప్రశ్నలు ఇమిడి ఉంటే విచారణను ఆపడం మంచిదని, కేసు మరీ సాగిపోతే ఆపిన విచారణను మళ్లీ మొదలుపెట్టవచ్చని కూడా చెప్పింది. సస్పెన్షన్ కాలపు జీవనభృతి ఇవ్వకపోవడం వల్ల ఆ ఉద్యోగి హాజరు కాలేకపోగా జరిగిన ఏకపక్ష విచారణ మాత్రం అక్కడ నిలవలేదు. నేర నిరూపణకు సందేహాతీతమైన రుజువు కావాలి. క్రమశిక్షణ చర్యకు ఏది జరిగి ఉండే అవకాశం ఎక్కువో తేలితే చాలు. 2017లో బ్రిస్టల్ వీధి గొడవ కేసులో బెన్ స్టోక్స్‌ను 2018 ఆగస్టులో కోర్టు విడుదల చేసింది. అయినా డిసెంబరులో ఇంగ్లండ్ క్రికెట్ క్రమశిక్షణ కమిషన్ 8 మ్యాచ్‌ల నిషేధం, 30,000 పౌండ్ల జరిమానా వేసింది. అప్పటికే ఆడకుండా పోయిన మ్యాచ్‌లను నిషేధానికి జమకట్టింది. మన బెంగళూరులోనూ కర్ణాటక ప్రీమియర్ లీగ్ ఫిక్సింగ్ కేసును హైకోర్టు 2022 జనవరిలో కొట్టివేసింది. ఫిక్సింగ్ ఐపీసీ కింద మోసం నేరం కాదని, ఆటగాడి క్రమశిక్షణ చూసుకోవాల్సింది బోర్డేనని తేల్చింది. అంటే కోర్టే ఆ బాధ్యతను బోర్డు మీద పెట్టింది.

విచారణ పూర్తి కాకుండా శిక్ష ప్రకటిస్తే ఏమవుతుందో 2014లో అమెరికా ఫుట్‌బాల్ లీగ్ చూపింది. ఆటగాడు రే రైస్ తన కాబోయే భార్యను కొట్టినందుకు మొదట రెండు మ్యాచ్‌ల సస్పెన్షన్ వేశారు. సెప్టెంబరులో ఎలివేటర్ వీడియో బయటికొచ్చి జనం మండిపడ్డాక నిరవధిక సస్పెన్షన్‌గా మార్చారు. ఒకే తప్పుకు రెండోసారి శిక్షించారంటూ మధ్యవర్తి బార్బరా జోన్స్ నవంబరులో దాన్ని రద్దు చేశారు. మొదటిసారే తగిన శిక్ష రాసి ఉంటే అది నిలిచేది. మొదటి శిక్షపై విమర్శలు వచ్చాక, ఆ ఏడాది ఆగస్టులోనే గృహహింసకు ఆరు మ్యాచ్‌ల సస్పెన్షన్ ప్రాతిపదిక అయింది.

తీర్పు చెప్పే వాళ్లలో యజమానులూ వాళ్ల ఉద్యోగులూ ఉండకూడదు. ఒక విశ్రాంత న్యాయమూర్తి, మహిళలపై నేరాల కేసుల్లో అనుభవమున్న ఒక న్యాయవాది, ఒక మాజీ క్రీడాకారుడు లేదా క్రీడాకారిణి చాలు. వాళ్లను సీజన్‌కు ముందే నియమించాలి. అమెరికాలో నిబంధనలను ఆటగాళ్ల సంఘంతో కూర్చుని రాసుకుంటారు. మన దేశంలో ప్రస్తుతం ఆడుతున్న క్రికెటర్లకు సంఘం లేదు. కాబట్టి ఆటగాడికి ఛార్జిమెమో (అభియోగాల నోటీసు), సాక్ష్యాల ప్రతులు, న్యాయవాది, 30 రోజుల్లో అప్పీలు అన్నవి కాంట్రాక్టులోనే రాసి ఇవ్వాలి.

ఫిర్యాదు చేసిన వారి సంగతి మన చర్చల్లో ఎప్పుడూ ఆఖరికే వస్తుంది. నాకు ఇదే ఎక్కువ బాధ. హోటల్ సిబ్బందికో ప్రసార బృందంలోని అమ్మాయికో ఎవరికి చెప్పాలో తెలియాలి. పేరు, ఫోన్ నంబరు ఉన్న అధికారిణి ప్రతి వేదికలో ఉండాలి. ఫిర్యాదుదారు పేరు బయటపెట్టిన జట్టు సిబ్బందికీ శిక్ష ఉండాలి. 2012లో బెంగళూరు జట్టు విదేశీ ఆటగాడొకరిని ఢిల్లీ పోలీసులు అరెస్టు చేశారు; జట్టు సస్పెండ్ చేసింది; కేసు చివరికి రాజీతో ముగిసింది. రాజీ ఇద్దరి హక్కు, దాన్ని తప్పుపట్టను. లీగ్ విచారణ మాత్రం రాజీతో ఆగిపోకూడదు. అలాగే విడాకులు, ప్రేమలు, రాత్రి పార్టీ ఫొటోలు ఈ నిబంధనల్లోకి రానే రాకూడదు.

2025 ఆగస్టులో వచ్చిన జాతీయ క్రీడా పాలన చట్టం సమాఖ్యలకు నైతిక నియమావళి, సురక్షిత క్రీడా విధానం ఉండాలంటోంది. ఐపీఎల్ పాలక మండలి, కబడ్డీ, ఫుట్‌బాల్ లీగ్‌లు, మన రాష్ట్ర క్రికెట్ సంఘం ఆ రాత పని వేలానికి ముందే ముగించి, శిక్షల పట్టికను కన్నడ, తెలుగు, తమిళం, హిందీల్లో ప్రచురించి, ప్రతి కాంట్రాక్టుకూ జతచేసి సంతకం తీసుకోవాలని కోరుతున్నాను.

ఇట్లు,
సర్వీసు చట్టాల న్యాయవాది,
మల్లేశ్వరం, బెంగళూరు