చేపల మీద నీ కోపం గురించి

అమ్మా,

మొన్న నువ్వు ఫోన్ పెట్టేశాక మళ్ళీ చెయ్యాలనిపించలేదు. చేసినా అవే మాటలు మళ్ళీ అనుకునేవాళ్ళం. అందుకే రాస్తున్నాను. ఉత్తరంలో అయితే నువ్వు మధ్యలో అడ్డురావడానికి వీలుండదు.

ముందు నీకు కావాల్సినవి. దగ్గు పోయింది. ఉద్యోగం ఎప్పటిలాగే ఉంది, అందులో చెప్పడానికేం లేదు. నిద్ర పర్వాలేదు.

"పట్టుమని ఏడాది బతకని చేపల కోసం వాడు ఇంటికి రావడం మానేశాడు" అని అక్కతో అన్నావట. నా మొహం మీద అనాల్సింది. ఇప్పుడు జవాబు విను.

ఎర్రతోక చేపని వీడియోలో చూసి బాగుందన్నావు, గుర్తుందా? దాన్ని గుంతేరి అంటారు, జాంజిబార్ దీవిది. సరిగ్గా చూసుకుంటే ట్యాంకులో ఇంచుమించు ఏడాది ఉంటుంది. అంతకన్నా ఉండకపోవడం జబ్బూ కాదు, నా అశ్రద్ధా కాదు. వానకు నిండి, ఎండకు ఇంకిపోయే మడుగుల్లో పుట్టే చేప అది. నీళ్ళున్న కొద్ది నెలల్లోనే పెరగాలి, గుడ్లు పెట్టాలి. దీని బంధువే ఫుర్జెరి. మొజాంబిక్ మడుగుల్లో అది పుట్టిన 14 రోజులకే ఈడుకు రాగలదని 2018లో పరిశోధకులు రాశారు. ముసలితనం ఎలా వస్తుందో తెలుసుకోవడానికి ల్యాబుల్లో దాన్నే పెంచుతున్నారు. ఈ ముక్క నాన్నకి చదివి వినిపించు, ఆయనకి ఇలాంటివి ఇష్టం.

మడుగు ఎండితే చేపలన్నీ పోతాయి. గుడ్లు మాత్రం బురదలో మిగులుతాయి. లోపల పిల్ల ఎదుగుతూ ఎదుగుతూ ఒక చోట ఆగిపోతుంది. గుండె ఏర్పడ్డాక కూడా అలా నెలల తరబడి ఆగగలదట. మళ్ళీ వాన పడి నీళ్ళు తగిలితే గుడ్డు చీల్చుకుని బయటికి వస్తుంది. అన్నీ ఒకేసారి రావు. మొదటి వాన నాలుగు రోజుల్లో ఇంకిపోతే మొత్తం వంశం పోతుంది కదా, అందుకని కొన్ని తర్వాతి తడి కోసం లోపలే ఉండిపోతాయి.

నువ్వు "బీరువాలో ఆ మట్టి పొట్లాలేంట్రా" అని తిట్టావే, అవి ఇవే. మట్టి కాదు, పీట్, అంటే తడి నేలల్లో నాచు కుళ్ళి తయారయ్యే పొడి లాంటిది. ఉడకబెట్టి చల్లార్చి చిన్న డబ్బాలో వేసి ట్యాంకు అడుగున పెడతాను. ఒక మగదానికి రెండు మూడు ఆడవి. మగది ఆడదాన్ని పక్కనుంచి అదుముతూ పీట్ దగ్గరికి తీసుకెళ్తుంది, గుడ్లు ఒక్కొక్కటిగా అందులోకి పోతాయి. ఒక్కో గుడ్డు ఒక మిల్లీమీటరు ఉంటుందంతే. వారానికో పదిరోజులకో పీట్ బయటికి తీసి, వడగట్టి, చేత్తో పిండి, కాగితం మీద కాసేపు ఆరనిస్తాను. వాడేసిన టీపొడి ఒక పూట ఆరితే ఎలా ఉంటుందో అలా ఉండాలి. మరీ తడిగా ఉంటే గుడ్లు కుళ్ళిపోతాయి, పొడిపొడిగా ఉంటే ఎండిపోతాయి. తర్వాత కవర్లో వేసి, జాతి పేరూ తేదీ రాసి బీరువాలో పెట్టడమే. గుంతేరికి మూడు నెలలు పైచిలుకు పడుతుంది. రాకోవి అని దీని బంధువే ఇంకోటుంది, దానికి ఆరు నెలలైనా తొందరపడకూడదు. వెచ్చగా ఉంటే త్వరగా ఎదుగుతాయి, చల్లగా ఉంటే ఆలస్యం. గుడ్డులో రెండు కళ్ళు, చుట్టూ బంగారు రంగు వలయం కనిపిస్తే తయారైనట్టు.

అర్థమైందా? నేను నెల రోజులు ఇంటికొచ్చినా ఆ పొట్లాలకి తిండీ అక్కర్లేదు, నీళ్ళూ అక్కర్లేదు. ఏ కుక్కనో పిల్లినో పెంచి ఉంటే నువ్వన్నది నిజమయ్యేది. "అయితే ట్యాంకులో ఉన్నవి చచ్చేదాకా రావా" అంటావేమో. రాకపోవడమేంటి, పైఅంతస్తు అబ్బాయికి తిండి వెయ్యడం నేర్పించాను. వీటికి వేసే ఎర్ర పురుగులు, బ్లడ్‌వార్మ్స్ చూసి మొదట మొహం తిప్పుకున్నాడు, ఇప్పుడు వాడే అడిగి మరీ వేస్తున్నాడు. మూత మాత్రం తెరిచి ఉంచొద్దని పదిసార్లు చెప్పాను, ఇవి ఎగురుతాయి.

అక్క అరుగు గురించి రాసింది. బావని అడిగి ఎంతవుతుందో చెప్పమను, పంపుతాను. నువ్వు వద్దనకు.

రాత్రి ఒక పొట్లం తడిపాను. పదహారు, పద్దెనిమిది డిగ్రీల చల్లటి నీళ్ళు పోస్తే త్వరగా పొదుగుతాయి. పొద్దున లేచేసరికి పీట్ మీద సన్నటి గీతలు కదులుతున్నాయి. నీళ్ళలోకి వచ్చీ రాగానే ఆర్టీమియా పిల్లల్ని, అంటే ఉప్పునీటిలో బతికే బుల్లి రొయ్యల లాంటివాటిని, పట్టుకుంటున్నాయి. తిన్నవాటి పొట్టలు నారింజ రంగుకి తిరుగుతాయి, చూడగానే తెలిసిపోతుంది. ఆఫీసుకి లేటయింది, ఎవరూ ఏమీ అనలేదులే.

కొన్ని మాత్రం పైకి లేవలేవు. లోపలి గాలితిత్తి నిండక, అడుగునే పొట్ట మీద పాకుతుంటాయి. పొట్లం తొందరపడి తడిపినా అలా వస్తాయంటారు. కానీ గడువు చూసి తడిపినా ఒకటో రెండో వస్తూనే ఉంటాయి. వాటిని ఏం చేస్తావని అడగకు. ఇక్కడ నాకు బాగోనిది ఇదొక్కటే, ఉద్యోగం కాదు, చలి కాదు. నాన్నకి ఈ పేరా చదవొద్దు.

ఒంటరిగా ఉండి ఇలా తయారయ్యాడని నీ అనుమానం. ఒంటరిగా ఉన్నమాట నిజమే, ఎవరు కాదన్నారు? కానీ సాయంత్రం గదికొస్తే చేయడానికి పని ఉంటుంది. ఆర్టీమియా కలపాలి, నీళ్ళు మార్చాలి, వెల్వెట్ జబ్బు రాకుండా కాస్త ఉప్పు వెయ్యాలి. వెల్వెట్ సోకితే ఇవి తట్టుకోలేవు. టీవీ ముందు కూర్చుంటే నీకు ఇంకా టెన్షన్ ఉండేది.

మేనకోడలు తనకీ రెండు చేపలు కావాలంటోంది. రెండూ మగవైతే కొట్టుకుంటాయని చెప్పు. ముందు ఆర్టీమియా పొదిగించడం నేర్చుకోమను, అది కుదిరితే చూద్దాం.

నాన్న కంటి ఆపరేషన్ తేదీ తెలిస్తే వెంటనే చెప్పు, దానికి నాలుగు రోజుల ముందు దిగేలా టికెట్ తీస్తాను. సెలవు అడిగేశాను, ఇస్తామన్నారు. ఆదివారం ఫోన్ చేస్తాను, ఎత్తు.

నీ చిన్నోడు