పిల్లలు కాని ఆర్టీమియా గుడ్లు: డబ్బు వాపసు ఒక్కటే సరిపోదు

పెరంబూరు, చెన్నై.

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

నమస్కారం. మీ వెబ్‌సైటులో నేను 1,150 రూపాయలకు కొన్న 50 గ్రాముల ఆర్టీమియా గుడ్ల డబ్బా గురించి ఈ ఉత్తరం. ఆర్టీమియా అంటే ఉప్పునీళ్లలో పెరిగే చిన్న రొయ్యలాంటి జీవి, గుడ్లలోంచి వచ్చిన దాని పిల్లలను చేపపిల్లలకు మేతగా వేస్తాం. మీ కస్టమర్ కేర్‌కు మూడుసార్లు రాశాను. వచ్చిన మూడు జవాబుల్లోనూ నేను అడిగినదానికి సమాధానం లేదు. తెలుగులో రాసినా చూస్తామని మీరే ప్రకటించుకున్నారు కాబట్టి మొదటినుంచీ అంతా వివరంగా రాస్తున్నాను. దయచేసి చివరిదాకా చదవండి.

నేను ఆరేళ్లుగా ఇంట్లో బెట్టా చేపలు పెంచుతున్నాను. ఇక్కడ అందరూ ఫైటర్ అనే చేపలే. వంటింటి పక్కనున్న చిన్న గది మొత్తం వాటిదే. ఎదిగిన వాటిలో కొన్ని కొళత్తూరులోని పెంపుడు చేపల దుకాణాలకు ఇస్తాను, ఆ డబ్బు మేతకు సరిపోతుంది. కొళత్తూరు పక్కనే ఉండగా మీ దగ్గర ఎందుకు కొన్నావని అడగవచ్చు. అక్కడ గుడ్లు పెద్ద డబ్బా విప్పి పది గ్రాముల పొట్లాలుగా కట్టి అమ్ముతారు. డబ్బా ఎప్పుడు విప్పారో మనకు తెలియదు. మీ డబ్బా మీద గాలి చొరకుండా సీలు వేశామనీ, నూటికి 90 గుడ్లు పిల్లలవుతాయనీ ఉంది. ఆ మాట నమ్మి రెట్టింపు ధర పెట్టాను.

ఈ జత కోసం నేను రెండు తరాలు ఎదురుచూశాను. తోక అంచు దాకా ఒకే నీలం ఉన్న మగది, అదే ఈనులో పుట్టిన ఆడది. రెండు వారాలు వేరువేరుగా ఉంచి, దోమ లార్వాలు మేపి, ఎండిన బాదం ఆకు వేసిన టబ్బులో కలిపాను. నీళ్లు జానెడు లోతు కూడా లేవు. మగది ఆకు కింద నురగ గూడు కట్టింది. ఆదివారం సాయంత్రం గుడ్లు పెట్టడం అయిపోగానే ఆడదాన్ని తీసేశాను. ఆ తర్వాత కాపలా అంతా తండ్రిదే. జారిపడిన గుడ్డునల్లా నోట కరిచి మళ్లీ గూట్లో పెడుతుంది. మంగళవారం ఉదయానికి నురగ కింద తోకలు వేలాడుతూ కనిపించాయి. మా అమ్మాయి టార్చి పట్టుకుని లెక్కపెడితే నూట యాభై దాకా తేలాయి.

ఇక్కడి నుంచి మొదలయ్యేదే గడువు, మీ జవాబుల్లో ఎక్కడా కనిపించనిది కూడా అదే. బయటికొచ్చిన పిల్లకు పొట్ట కింద పచ్చసొన సంచి ఉంటుంది. రెండు మూడు రోజులు దాని మీదే బతుకుతుంది. అది అయిపోయి అడ్డంగా ఈదడం మొదలుపెట్టిన రోజునుంచి బయటి మేత కావాలి, అదీ కదిలే మేత. పొడి మేత వేస్తే దాన్ని మేతగానే గుర్తించదు. ఉడికించిన గుడ్డు సొన వేస్తే తినేది తక్కువ, నీళ్లు కుళ్లేది ఎక్కువ. అప్పుడే పుట్టిన ఆర్టీమియా పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, నారింజ రంగులో తుళ్లుతూ ఉంటుంది. బెట్టా పిల్ల దాన్ని మింగితే పొట్ట ఆ రంగుకు తిరుగుతుంది. ఆ రంగు కనబడితే ఆ రోజుకు మనకు నిశ్చింత.

పిల్లలు శుక్రవారానికి ఈదుతాయని లెక్క వేసుకుని బుధవారం రాత్రే మీ డబ్బా విప్పాను. సీలు తీసినప్పుడు గాలి లోపలికి పోయిన చప్పుడే లేదు. గుడ్లు పొడిగా రాలకుండా చిన్నచిన్న ఉండలుగా ఉన్నాయి. అప్పుడే అనుమానించాల్సింది. లీటరు నీటికి 25 గ్రాముల రాళ్లుప్పు కలిపి, అడుగునుంచి గాలి వదిలి, పైన దీపం పెట్టాను. నీళ్లు 27 డిగ్రీల మీద ఉన్నాయి. ఆరేళ్లుగా ఇదే పద్ధతి. మామూలుగా 24 నుంచి 36 గంటల్లో పిల్లలు తేలతాయి. శుక్రవారం ఉదయం గాలి ఆపి దీపం ఒక పక్కకు పెట్టి చూశాను. వెలుగు దగ్గరికి చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. మిగతావన్నీ గోధుమరంగు మట్టిలా అడుగున కూర్చున్నాయి. ఆ అడుగు తీసి పిల్లలకు వేసే వీలు కూడా లేదు, పగలని గుడ్డు మింగితే పేగుకు అడ్డం పడుతుంది.

నా దగ్గర ముందుజాగ్రత్తగా ఒక సీసాలో ఇన్‌ఫ్యూసోరియా నీళ్లు ఉన్నాయి. ఆకులు నానబెట్టి చేసినవి, చేపపిల్లలు తినే సూక్ష్మజీవులు వాటిలో ఉంటాయి. అవి నూట యాభై నోళ్లకు ఒక్క పూట. శనివారం మధ్యాహ్నానికి పిల్లలు ఈదడం మానేసి అడుగుకు దిగిపోయాయి. మా ఆయన బండి వేసుకుని కొళత్తూరు వెళ్లి పొట్లం తెచ్చారు. దాంట్లోంచి పిల్లలు వచ్చేసరికి ఆదివారం రాత్రి. అప్పటికే టబ్బు అడుగున తెల్లటి దారం ముక్కల్లా పడి ఉన్నాయి. డ్రాపరుతో ఒక్కొక్కటీ తీస్తూ రాత్రి రెండింటి దాకా కూర్చున్నాను. తరవాతి బుధవారానికి మిగిలినవి 22.

నా పద్ధతిలో తప్పుందని మీరన్నారు కాబట్టి పోల్చి చూశాను. ఒకే పంపుకు రెండు గొట్టాలు, ఒకే ఉప్పునీళ్లు, ఒకే దీపం. ఒక సీసాలో మీ గుడ్లు, ఇంకోదాంట్లో కొళత్తూరు పొట్లంలోవి. 36 గంటల తర్వాత తెల్ల సాసరు మీద చుక్కలు వేసి భూతద్దంతో లెక్కపెట్టాం. మీవి నూటికి 6. పొట్లంలోవి నూటికి 71. ఇంకో రెండుసార్లు చేసినా మీ అంకె పది దాటలేదు. వీడియోలు జతచేశాను.

ఇంతకన్నా పెద్ద విషయం డబ్బా మీద ఉంది. తడి తగిలి చీటీ అంచు లేచింది. కింద మరో చీటీ ఉంది. పై చీటీలో ఉన్న ప్యాకింగ్ నెలకూ కింది చీటీలో ఉన్నదానికీ మధ్య రెండేళ్లకు పైగా తేడా. ఈ గుడ్లు ఎండి ఉన్నంతకాలం నిద్రలో ఉంటాయి. తేమ పీల్చుకుంటే లోపల ప్రాణం కదలడం మొదలై, పూర్తిగా మేలుకోలేక చచ్చిపోతుంది. రెండేళ్లు గోదాములో ఉంటే ఆ ఉండలు కట్టడంలో ఆశ్చర్యం లేదు. తేదీ మార్చి అతికించడమే నన్ను బాధపెట్టింది. ప్యాకెట్ మీది వివరాలు మార్చడానికి విడిగా స్టిక్కర్లు అతికించకూడదని 2011 నాటి లీగల్ మెట్రాలజీ ప్యాకేజీ నియమాల్లో ఉంది. అది మీకు తెలియనిది కాదు.

మీ మొదటి జవాబు: నీళ్లు 28 డిగ్రీలు ఉంచండి. రెండోది: సరుకు అందిన ఏడు రోజుల్లో చెప్పలేదు కాబట్టి వాపసు కుదరదు. మూడోది: 200 రూపాయల కూపను. ఏడు రోజుల మాట మాత్రం ఒప్పుకోలేను. చేపలు గుడ్లు పెట్టే సమయం తెలియదు గనుక ఈ డబ్బా ఎవరైనా ముందే తెప్పించి పెట్టుకుంటారు, అవసరమైన రాత్రే విప్పుతారు. తెచ్చిన రోజే విప్పమంటే సీలు వేయడం ఎందుకు?

నాకు 1,150 రూపాయలు వాపసు కావాలి, కూపను వద్దు. దానికంటే ముందు ఆ బ్యాచ్ డబ్బాలను అమ్మకం నుంచి తీసేయండి. ఈ ఉదయం కూడా అవి మీ సైటులో ఉన్నాయి. ఇప్పటికే కొన్నవాళ్లకు సందేశం పంపండి. ఎవరి ఇంట్లోనో ఈ వారం మగచేప గూడు కడుతూ ఉంటుంది, వాళ్లు ఆ డబ్బా చూసుకుని ధైర్యంగా ఉంటారు. వాళ్లకు ముందే తెలిస్తే ఒక సీసాలో కాస్త వేసి పరీక్షించుకుంటారు, లేదా మేతకు పనికొచ్చే మైక్రోవర్మ్‌లనే సన్నటి పురుగులు సిద్ధం చేసుకుంటారు. పై చీటీ ఎవరు, ఎందుకు అతికించారో నాకు రాతపూర్వకంగా చెప్పండి. ఇకమీదట డబ్బా మీద అసలు ప్యాకింగ్ నెలతోపాటు పరీక్షించిన నెల, ఆ పరీక్షలో వచ్చిన అంకె కూడా వేయండి. ఈ ఒక్క సరుకుకైనా ఏడు రోజుల నిబంధన తీసేయండి.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలపాలి, నెలలోగా పరిష్కరించాలి. ఈలోగా జవాబు రాకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి నమోదు చేయిస్తాను, ఆ తర్వాత చెన్నైలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. కొన్నవాళ్లు ఉండే ఊళ్లోనే కేసు వేయవచ్చని 2019 చట్టంలో ఉంది. అంతదాకా పోవాలని నాకు లేదు.

మిగిలిన 22 పిల్లలకు ఇప్పుడు ఐదు వారాలు. పైకొచ్చి గాలి పీలుస్తున్నాయి. వాటిలో నాలుగింటికి తండ్రి నీలం వచ్చింది.

బిల్లు, రెండు చీటీల ఫోటోలు, వీడియోలు, మీ మూడు జవాబులు దీనితో పంపుతున్నాను. డబ్బా నా దగ్గరే ఉంది. మూతకు టేపు వేసి, పైన విప్పిన తేదీ రాసి, ఫ్రిజ్‌లో ఉంచాను. పరీక్షించడానికి మీ మనిషి వస్తే సగం గుడ్లు ఆయన ముందే తూచి ఇస్తాను. మిగతా సగం, ఆ చీటీలున్న డబ్బాతో సహా, నా దగ్గరే ఉంటాయి.

ఇట్లు,
మీ కొనుగోలుదారు