అరుదైన క్యాన్సర్ లెక్క మొదటి గడ్డ దగ్గరే తప్పుతోంది

సంపాదకుల వారికి,

ఏఎన్‌ఎంలు, ఆశాలు ఇల్లిల్లూ తిరిగి చేస్తున్న క్యాన్సర్ స్క్రీనింగ్‌లో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం చూస్తారు. ఎక్కువమందిని బలితీసుకునేవి అవే గనుక అది సరైన పనే. కానీ తొడ కండలో లోతుగా పెరిగే సార్కోమా అనే క్యాన్సర్ గడ్డ, పదిహేనేళ్ళ పిల్లాడి మోకాలి దగ్గర పుట్టే ఎముక క్యాన్సర్, చంటిబిడ్డ కంట్లో వచ్చే రెటినోబ్లాస్టోమా ఆ జాబితాలో లేవు. ఉండవు కూడా. ఏడాదికి లక్షమందిలో ఆరుగురికంటే తక్కువమందికి వచ్చే క్యాన్సర్‌ను ఐరోపా పరిశోధకులు అరుదైనదిగా లెక్కిస్తారు. లక్షకు ఇద్దరు చొప్పున వచ్చే జబ్బయితే, 2,500 మంది ఉన్న ఊళ్ళో ఇరవయ్యేళ్ళకు ఒక్కరు కనిపిస్తారు. అలాంటిదాన్ని గుర్తుపట్టలేదని ఏఎన్‌ఎంను తప్పుపట్టలేం. అయితే ఇలాంటి జబ్బులు దాదాపు రెండు వందల రకాలున్నాయి. అన్నీ కలిపితే ఐరోపాలో మొత్తం క్యాన్సర్లలో ఐదో వంతు దాటాయి.

అందుకే పల్లెల్లో వీటిమీద పరిశోధన చేసేవాళ్ళు ముందు తేల్చాల్సింది ఒకటుంది. మనిషి గడ్డను మొదట చూసుకున్న రోజు నుంచి ముక్క పరీక్ష (బయాప్సీ) రిపోర్టు చేతికొచ్చేదాకా ఎవరెవరి దగ్గరికి, ఏ వరసలో వెళ్ళాడు? మన కేస్ షీట్లలో 'ఆరు నెలలుగా వాపు' అని ఒక్క మాట ఉంటుంది. అందులో నాలుగు నెలలు మిరపకోతలు అయ్యేదాకా ఆగినవో, ఆర్‌ఎంపీ దగ్గర సూదులు వేయించుకున్నవో, స్కానింగ్ తేదీ కోసం చూసినవో తెలీదు. మూడింటికీ మందు వేరు. మొదటిదానికి ఊళ్ళో ప్రచారం కావాలి, రెండోదానికి ఆర్‌ఎంపీలకు శిక్షణ కావాలి, మూడోదానికి ఆసుపత్రిలో మిషనూ మనుషులూ కావాలి. ఈ దశలను విడివిడిగా కొలవాలని క్యాన్సర్‌ను త్వరగా గుర్తించడంపై పరిశోధన ఎలా చేయాలో చెప్పే ఆర్హస్ ప్రకటన 2012లోనే చెప్పింది.

అడిగే తీరు కూడా మారాలి. 'ఏ తేదీన చూసుకున్నారు?' అంటే పల్నాడు రైతు చెప్పలేడు. సంక్రాంతికి ముందా, కోటప్పకొండ తిరునాళ్ళకు ఉందా, ఉగాదికి ఎంత పెరిగింది అని అడిగితే పదిహేను రోజుల తేడాలో చెబుతాడు. రోగిని ఒక్కడినే కాకుండా వెంట వచ్చినవాళ్ళనూ అడగాలి. డబ్బు కట్టింది, బస్సెక్కించింది వాళ్ళే కాబట్టి వరస వాళ్ళకే బాగా గుర్తుంటుంది. సంచిలోని మందుచీటీలు, పాత ఎక్స్‌రేలు బల్లమీద పరిచి వరసగా పేర్చుకోవాలి.

తప్పు ఎక్కువగా జరిగేది గడ్డ దగ్గరే. చర్మం కింద మెత్తగా కదిలే కొవ్వు గడ్డలు వేలమందికి ఉంటాయి, వాటికి భయం లేదు. నిమ్మకాయ కంటే పెద్దదై, కండలోపల లోతుగా ఉండి, నెలనెలా పెరుగుతున్నా, ఒకసారి తీయించాక మళ్ళీ వచ్చినా దాన్ని మత్తుసూది ఇచ్చి అరగంటలో తీసేయకూడదు. ముందు ఎంఆర్‌ఐ, తర్వాత కోర్ సూదితో (లావుపాటి బోలు సూది) ముక్క, ఆ తర్వాతే ఆపరేషన్. ఆ సూది ఎక్కడ గుచ్చాలో రేపు ఆపరేషన్ చేసే సర్జనే చెప్పాలి, ఎందుకంటే సూది వెళ్ళిన దారిని కూడా కణితితోపాటు తీసేయాలి. చేతికైనా కాలికైనా కోత నిలువునా ఉండాలి. అడ్డకోత పెడితే రెండోసారి తీయాల్సిన కండ ఎక్కువవుతుంది, కాలు పోయే ప్రమాదమూ పెరుగుతుంది.

మెడ గడ్డలది ఇంకో దారి. ముక్క పరీక్ష లేకుండానే టీబీ మందులు మొదలవుతాయి. టీబీ గడ్డ కూడా మందులు వాడుతుండగా కొన్నాళ్ళు పెరగొచ్చు కాబట్టి అది టీబీ కాదని తేల్చడం తేలిక కాదు. కానీ రెండు నెలలైనా తగ్గకపోతే సూది పరీక్షతో సరిపెట్టుకోకుండా గడ్డ మొత్తం తీసి పరీక్షకు పంపాలి. అన్నిటికంటే ప్రమాదం డెక్సామెథాసోన్, బెట్నెసాల్ లాంటి స్టెరాయిడ్ సూదులు. లింఫోమా (లింఫు గ్రంథుల క్యాన్సర్) అయితే ఆ సూదికి గడ్డ కరిగిపోతుంది, అందరూ నయమైందనుకుంటారు. అప్పుడు తీసిన ముక్కలో పాథాలజిస్టుకు జబ్బు దొరక్కపోవచ్చు. కాబట్టి ఏ రోజు ఏ స్టెరాయిడ్ ఇచ్చారో చీటీమీద రాయడం తప్పనిసరి కావాలి.

తీసిన గడ్డ ఏమవుతుందన్నది పరిశోధనకు ప్రాణం. 'కొవ్వు గడ్డే' అని పారేసిన కణితి ఏ లెక్కలోకీ రాదు. సెలైన్‌లో వేసి పంపితే గుంటూరు మే ఎండల్లో ల్యాబ్ చేరేలోపే కుళ్ళుతుంది. కావాల్సింది పది శాతం ఫార్మలిన్. మార్కెట్లో దొరికే ఫార్మలిన్ 100 మి.లీ., నీళ్ళు 900 మి.లీ., సోడియం ఫాస్ఫేట్ మోనోబేసిక్ 4 గ్రాములు, డైబేసిక్ 6.5 గ్రాములు. గడ్డ ఎంత ఉంటే దానికి పది రెట్ల ద్రావణం పోయాలి. ఫార్మలిన్ గంటకు సుమారు ఒక మిల్లీమీటరే లోపలికి దిగుతుంది కాబట్టి పెద్ద గడ్డ అదే రోజు ల్యాబ్‌కు చేరదనుకుంటే, పైవైపు దారంతో గుర్తుపెట్టి మధ్యగా ఒక్క కోత పెట్టాలి. సీసా మూతి వెడల్పుగా ఉండాలి. మెత్తగా ఉన్నప్పుడు దూర్చిన గడ్డ గట్టిపడ్డాక బయటికి రాదు. పేరు, వయసు, ఎక్కడ తీశారన్నది మూతమీద కాదు, సీసామీద రాయాలి. మూతలు మారిపోతాయి. రిపోర్టుతోపాటు మైనపు బ్లాకులు (ముక్కను మైనంలో భద్రపరిచిన దిమ్మలు) కూడా అడిగి తీసుకోమని రోగులకు చెప్పాలి. ఏళ్ళ తర్వాత కూడా వాటిమీద కొత్త పరీక్షలు చేయవచ్చు.

ఇక లెక్కలు. ఆసుపత్రికి చేరినవాళ్ళనే అడిగితే, ఇంట్లోనే పోయినవాళ్ళు, నేరుగా హైదరాబాదుకో వేలూరుకో వెళ్ళినవాళ్ళు జారిపోతారు. సచివాలయం మరణాల రిజిస్టరు, ఆశా దగ్గరున్న వివరాలు కలిపి చూడాలి. ఎన్టీఆర్ వైద్యసేవ క్లెయిములు మంచి ఆధారమే గానీ అవి చికిత్స ప్యాకేజీ ప్రకారం ఉంటాయి. ఏ రకం కణితో తెలియాలంటే ముక్క పరీక్ష రిపోర్టే కావాలి. పైగా పాత గుంటూరు జిల్లా 2022 ఏప్రిల్ 4న గుంటూరు, పల్నాడు, బాపట్లగా విడిపోయింది, చేతిలో ఉన్న జనాభా లెక్కలేమో 2011వి. మాచర్ల మనిషి గుంటూరులోని మేనమామ ఇంటి చిరునామా ఇస్తే లెక్క మళ్ళీ తప్పుతుంది. ఏడాదికి పైగా ఎక్కడ ఉంటున్నారని అడిగి, మండలం దాకా రాసుకోవాలి.

పత్రికలకు ఒక విన్నపం. 'ఊరంతా క్యాన్సర్' అని రాసేముందు ఆ కేసులన్నీ ఒకే రకమా, ఎన్నేళ్ళలో వచ్చాయి, ముక్క పరీక్షతో తేలినవెన్ని అని అడగండి. జబ్బు అరుదైనదైతే ఊరిపేరు వేయకండి. పేరు దాచినా ఆ మనిషి ఎవరో ఊరందరికీ తెలిసిపోతుంది.

సామాజిక వైద్యం, పాథాలజీ విభాగాల్లో పనిచేస్తున్న కొందరం,
గుంటూరు